మధ్యలో పడే షటిల్

పెళ్ళయి న్యూజెర్సీలోని పిస్కాటవే వచ్చిన కొత్తలో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా నాకు రెండే ప్రశ్నలు ఎదురయ్యేవి. మొదటిది, "ఏం చేస్తుంటావమ్మా?" బాడ్మింటన్ ఆడతానని చెప్పేదాన్ని. వెంటనే రెండోది, "అది సరేలే, చేసేదేమిటి?"

చేసేది అదే. విజయవాడలో చిన్నప్పుడు రాకెట్ పట్టుకున్నదాన్ని మళ్ళీ కింద పెట్టలేదు. డిగ్రీ అవగానే స్పోర్ట్స్ కోటాలో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. ఉద్యోగమంటే పొద్దున వెళ్ళి రిజిస్టర్లో సంతకం పెట్టి, స్టేడియంకి పోయి సాయంత్రం దాకా ఆడటం. బ్యాంకు తరఫున ఊరూరా తిరిగి ఆడినందుకే నాకు జీతం. అంతకన్నా ప్రొఫెషనల్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఇదంతా ఓపిగ్గా చెప్పేలోగా ఆ ఇంటాయన అందుకునేవారు, "మేము కూడా ఇంజనీరింగ్‌లో షటిల్ ఛాంపియన్లమేనమ్మా!" అని. న్యూజెర్సీలో ఉన్న తెలుగు మగవాళ్ళలో కాలేజీ షటిల్ ఛాంపియన్ కానివాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఒక్కో కాలేజీలో ఎంతమంది ఛాంపియన్లుండేవారో ఆ భగవంతుడికే తెలియాలి.

అందులోనూ నేను డబుల్స్ ప్లేయర్ని. ఈ ముక్క చెబితే ఇంకా చిక్కు. "ఏం, సింగిల్స్ రాదా?" అని జాలిగా అడిగేవారు. సింగిల్స్‌లో ఆడలేనివాళ్ళు ఇద్దరు కలిసి ఒక మనిషి అవుతారని వాళ్ళ లెక్క. డబుల్స్ వేరే ఆట అని నెత్తీ నోరూ కొట్టుకున్నా ఒకరికీ ఎక్కదు. నేను నెట్ దగ్గర, ముందర నిలబడేదాన్ని. వెనక ఉన్న మనిషి పైనుంచి స్మాష్ కొడుతుంది. ఎదుటివాళ్ళు దాన్ని కిందా మీదా పడి తిప్పి పంపితే, ముందర కాచుకుని ఉన్న నేను దాని పని పడతాను. నా తల మీదుగా వెనక్కి పోయేది ఏదీ నాది కాదు. అలాంటిది వచ్చినప్పుడు తలొంచి అడ్డు తప్పుకోవాలి, అంతే. వెనక్కి తిరిగి మాత్రం చూడకూడదు. చూస్తే ఒకోసారి మొహం పగులుతుంది, పైగా ముందర ఏం జరుగుతోందో కనపడదు. మా మొదటి కోచ్ ఇన్నేళ్ళలో నాకు నేర్పింది ఈ ఒక్క మాటే అనుకోవచ్చు. "వెనక మనిషి ఉంది, నమ్ము" అనేవారు.

అమెరికా వచ్చాక ఆ మనిషి లేదు. విజయవాడలో నాతో ఆడిన అమ్మాయి నా పెళ్ళయిన నెలకే ఇంకొకరితో జత కట్టింది. తప్పేం కాదు, ఆవిడా ఆడాలిగా. కానీ జోడీ లేని డబుల్స్ ప్లేయర్ ఒంటి చెప్పులాంటిది. ఎంత గట్టిదైనా వేసుకుని నడవలేం. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హెచ్-వన్ వీసా మీద వచ్చాడు, మంచివాడే. "ఎందుకంత సీరియస్‌గా తీసుకుంటావ్? ఎంజాయ్ చేయి" అనేవాడు. తన కోడ్‌లో బగ్ వచ్చినప్పుడు నేను కూడా అదే మాట అని చూశాను. ఆ పూట అన్నం తినలేదు మహానుభావుడు.

నాది డిపెండెంట్ వీసా. ఒక్క డాలరు సంపాదించడానికి వీల్లేదు. టోర్నమెంట్ గెలిస్తే కప్పు తీసుకోవచ్చు గాని ప్రైజ్ మనీ తీసుకోకూడదు. పిల్లలకు ఆట నేర్పితే ఫీజు పుచ్చుకోకూడదు. ఈ సంగతి బయటికి పొక్కిందో లేదో, చుట్టుపక్కల తెలుగువాళ్ళ పిల్లలంతా నా శిష్యులైపోయారు. ఆదివారం ఒక హైస్కూల్ జిమ్ అద్దెకు తీసుకునేవాళ్ళం. నేల మీద బాస్కెట్‌బాల్ గీతలు, వాలీబాల్ గీతలు, ఇంకా నాకు తెలియని ఆటల గీతలు అల్లిబిల్లిగా ఉండేవి. వాటి మీద మా గీతలు మేం టేపు అంటించుకోవాలి. తల్లులు పిల్లల్ని దింపేసి ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకి షాపింగ్‌కి పోయేవారు, తిరిగొచ్చేటప్పుడు నా చేతిలో ఒక డబ్బా పెట్టేవారు. గోంగూర, కందిపొడి, సున్నుండలు. వీసా రూల్స్‌లో గోంగూర గురించి ఏమీ రాయలేదని మా ఆయన తేల్చాడు. ఫ్రిజ్ నిండింది గాని నా ఆట అక్కడే ఉండిపోయింది. నాకు కావలసింది నేర్చుకునే పిల్లలు కాదు. నా వెనక నిలబడే ఒక్క మనిషి.

ఒక వేసవిలో గుంటూరావిడ ఒకరు తన కూతుర్ని తీసుకొచ్చారు. ఆవిడ భర్త గుండె డాక్టరు. మేం పలకా బలపం పట్టుకునే రోజుల్లోనే ఇక్కడికొచ్చి ఇల్లూ వాకిలీ ఏర్పరచుకున్నవాళ్ళు. పిల్లకి పదహారేళ్ళు, నాకన్నా జానెడు పొడుగు. ఇంటి దగ్గర చైనావాళ్ళు నడిపే క్లబ్బులో చిన్నప్పటి నుంచీ ఆడుతోందట. "దీనికి కాస్త ఎక్సర్‌సైజ్ ఉంటుందని తెచ్చానమ్మా" అన్నారావిడ. సరే కొట్టు చూద్దాం అని ఒక షటిల్ ఎత్తుగా లేపాను. అది గాల్లోకి లేచి కొట్టింది. ఆ షటిల్ నా రెండు కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయి వెనక గోడకి తగిలింది. కొట్టినది రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో, సారీ ఆంటీ!" అంది.

నాకు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. నా వెనక నిలబడే మనిషి దొరికింది. ఆ మనిషి నన్ను ఆంటీ అంటుంది. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు.

పిలుపుదేముందిలే అనుకున్నాను. తీరా ఆడటం మొదలుపెట్టాక కథ వేరే ఉందని తెలిసింది. ఎదుటివాళ్ళు మన మీద దాడి చేస్తున్నప్పుడు ముందూ వెనకా ఉండదు, ఇద్దరం పక్కపక్కన నిలబడాలి. తెలివైనవాళ్ళు సరిగ్గా ఇద్దరి మధ్యకీ కొడతారు. ఎవరు ముందు "మైన్" అని అరిస్తే అది వాళ్ళది, రెండోవాళ్ళు చెయ్యి తీసెయ్యాలి. ఏ జోడీ అయినా మొదటి వారంలో నేర్చుకునే సంగతి ఇది. మా పిల్ల అరవదు. షటిల్ వస్తుంటే గుమ్మంలో చుట్టం ఎదురైనట్టు పక్కకి జరిగి నా వంక చూస్తుంది. దాన్నే అరవమని నేను ఆగుతాను. షటిల్ వచ్చి మా ఇద్దరి మధ్య నిక్షేపంగా పడుతుంది.

"సారీ ఆంటీ. ఐ థాట్ నువ్వు తీసుకుంటావ్ అని."

బెంచీ మీద నుంచి వాళ్ళమ్మ, "మీరు అనవే!"

ఒక రోజు కాదు, ఒక నెల కాదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అదే పిల్ల వెనక ఒక్కతే ఉంటే పులి. పక్కన నేనుంటే పిల్లి. దీనికి మూలం ఎక్కడుందో వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు బయటపడింది. టేబుల్ మీద గుత్తివంకాయ ఘుమఘుమలాడుతోంది, పిల్ల జిమ్ నుంచి ఆకలితో నకనకలాడుతూ వచ్చింది, అయినా గరిటె ముట్టుకోదు. "ఆంటీ వడ్డించుకున్నాక నువ్వు" అన్నారు వాళ్ళమ్మ. నేను వడ్డించుకునేదాకా అది చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను వంకాయ వంక చూడటం మానేసి దాని మొహం వంక చూశాను. కోర్టులో షటిల్ వచ్చినప్పుడు పెట్టే మొహమే అది.

ఇంకేం, వాళ్ళమ్మనే పట్టుకున్నాను. ఆవిణ్ణి నేను వదినగారూ అనేదాన్ని.

"వదినగారూ, కోర్టులో నన్ను ఆంటీ అనొద్దని చెప్పండి. పేరు పెట్టి పిలవమనండి."

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "పేరు పెట్టా! నలుగురూ ఏమనుకుంటారమ్మా? ఇక్కడ పుట్టినా మేం పిల్లల్ని అలా పెంచలేదు."

"పోనీ అక్కా అనమనండి. మాకు పదకొండేళ్ళేగా తేడా."

ఆవిడ కాసేపు ఆలోచించారు. లెక్క వేస్తున్నారని నాకు అర్థమైంది. తన కూతురు నన్ను అక్కా అంటే నేను ఆవిణ్ణి ఏమనాలి? ఇన్నాళ్ళూ వదినగారైన మనిషి ఒక్క పూటలో నాకు ఆంటీ అయిపోవాలి. ఆ లెక్క తేలగానే ఆవిడ మొహం ముడుచుకుంది.

"ఎందుకొచ్చిన గొడవమ్మా, ఆంటీయే బాగుంది. గౌరవంగా ఉంది" అని లోపలికి వెళ్ళి పెరుగు తెచ్చారు.

గౌరవం! ఆవిడ వదినగారుగా ఉండటం కోసం నేను జన్మంతా ఆంటీగా ఉండాలి. మా ఆయనతో చెబితే పడీ పడీ నవ్వాడు.

అంత విసుగులోనూ మేం గెలుస్తూనే ఉన్నాం, అదీ విచిత్రం. పిల్ల స్మాష్‌కి చిన్నాచితకా జోడీలు ఆగేవి కావు. ఊళ్ళు పట్టుకు తిరిగాం. నేను డ్రైవ్ చేసేదాన్ని, పక్క సీట్లో అది ఫిజిక్స్ చదువుకునేది, వెనక సీట్లో వాళ్ళమ్మ పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయేవారు. అంతలో పాయింట్ల పద్ధతి మార్చేశారు. మేం నేర్చుకున్న ఆటలో సర్వీసు మన చేతిలో ఉన్నప్పుడే పాయింటు. ఎదుటివాళ్ళ సర్వీసులో ఒకటి రెండు జారవిడిచినా కొంప మునగదు. కొత్త పద్ధతిలో ఎవరు ఎప్పుడు తప్పు చేసినా ఎదుటివాళ్ళకి పాయింటే. మధ్యలో పడ్డ షటిళ్ళన్నీ అప్పటి నుంచి నిప్పుల్లా కనపడేవి నాకు. రెండేళ్ళయినా ఆ పిల్ల నోట మైన్ అన్న మాట రాలేదు. అద్దం ముందు నిలబడి ప్రాక్టీస్ చేయమన్నాను. చేసిందట. అద్దం ముందు బాగానే వచ్చిందట.

పన్నెండో క్లాసు అయ్యేసరికి దానికి స్కూలు నుంచి నేరుగా మెడిసిన్‌లోకి వెళ్ళే ప్రోగ్రాంలో సీటు వచ్చింది. అందరం స్వీట్లు తిన్నాం. ఆ స్వీట్లు అరగకముందే డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు.

"లుక్ అమ్మా, దాని టాలెంట్ నేను కాదనను. బట్ ఇది కెరీర్ కాదు. నువ్వే ఆలోచించు. వచ్చే నెల ఫిలడెల్ఫియా టోర్నమెంట్ ఉందన్నావుగా? అది గెలిస్తే ఇంకో రెండేళ్ళు ఆడనీ, కాలేజీతో పాటు మేనేజ్ చేసుకోనీ, ఐ వోంట్ సే ఎ వర్డ్. ఓడితే మాత్రం రాకెట్ గరాజ్‌లోకి పోవాలి."

ఇది కెరీర్ కాదని ఆ కెరీర్ ఉన్న మనిషినే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారాయన. పైగా ఆలోచించమన్నారు. ఒళ్ళు మండింది, కానీ కాఫీ తాగుతూ తలూపాను. నాకున్నది ఆ ఒక్క పిల్ల. అది గరాజ్‌లోకి పోతే నేను కూడా దాని రాకెట్ పక్కనే పోవలసినదాన్ని. ఇంకో మనిషిని వెతికి, మళ్ళీ మొదటి నుంచి తయారుచేసుకునే ఓపికా వయసూ రెండూ లేవు నాకు.

ఫిలడెల్ఫియాలో ఫైనల్ దాకా వచ్చాం. ఎదుట నలభై దాటిన ఇద్దరు చైనా ఆడవాళ్ళు. ఒకావిడ వయసులో ఉన్నప్పుడు అక్కడ ఏదో రాష్ట్రం తరఫున ఆడిందట. పరిగెత్తేవాళ్ళు కాదు, చెమట పట్టేది కాదు. మొదటి గేమ్‌లో అయిదారు పాయింట్లు కాగానే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు, మా ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ వాళ్ళకి తెలిసిపోయింది. ఇంక అన్నీ అక్కడికే. పిల్ల నా వంక చూడటం, నేను దాని వంక చూడటం, షటిల్ పడటం. "సారీ ఆంటీ, సారీ ఆంటీ." మొదటి గేమ్ పోయింది. రెండోది మాకు వచ్చిందంటే వాళ్ళకి ఊపిరాడనివ్వకుండా పిల్ల స్మాష్‌లు కొట్టబట్టే. మూడో గేమ్‌లో మళ్ళీ మొదలు. మా పాయింట్లు కాస్త ముందుకి పోవడం, మధ్యలో రెండు పడటం, వాళ్ళు వచ్చి కలవడం.

చివరికొచ్చేసరికి నాకు దాని మీద నమ్మకం పోయింది. చెప్పుకోవడానికి బాధగా ఉంటుంది గాని, పోయింది. అన్నీ నేనే తీసుకోవాలనుకున్నాను. ఎదుటావిడ నా తల మీదుగా ఒకటి లేపింది. మరీ ఎత్తు కాదు, మరీ వెనక్కి కాదు. ఇన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని చేశాను. తలొంచకుండా, దాని కోసం వెనక్కి తిరిగాను.

"ఆంటీ, తప్పుకో!"

జిమ్ అంతా వినపడేట్టు అరిచింది. నేను తప్పుకోలేదు, ఉన్నచోటనే చతికిలబడ్డాను. నా నెత్తి మీద నుంచి స్మాష్ వెళ్ళి చైనావాళ్ళ ఇద్దరి మధ్య పడింది. అంపైర్ తలెత్తి చూశాడు. పైన గ్యాలరీలో వాళ్ళమ్మ పులిహోర డబ్బా పట్టుకుని లేచి నిలబడ్డారు.

"ఏమిటే ఆ మాటలు! పెద్దంతరం చిన్నంతరం లేదూ!"

నేను లేచి దాని వంక చూశాను. అది సారీ చెప్పబోతోంది, పెదాలు కదులుతున్నాయి. "చెప్పావంటే చంపేస్తాను. ఇంకా గట్టిగా అరువు" అన్నాను. ఇంక అది ఆగలేదు. ఆంటీ లెఫ్ట్, ఆంటీ వదిలెయ్, మైన్ ఆంటీ, మైన్ మైన్. రెండేళ్ళ బాకీ అంతా ఆ కాసేపట్లో తీర్చేసింది. అది పొమ్మన్నచోటికి పోయాను, వంగమంటే వంగాను, వదలమంటే వదిలాను. అంత హాయి నేను ఆటలో మళ్ళీ ఎరగను. ఆఖరి షటిల్ సరిగ్గా మా ఇద్దరి మధ్యకే వచ్చింది. అది నన్ను మోచేత్తో పక్కకి నెట్టి మరీ తీసుకుంది. గెలిచాం.

కప్పు చేతికి రాకముందే వాళ్ళమ్మ కిందికి దిగొచ్చారు. మొహం కందగడ్డలా ఉంది. "ఏమీ అనుకోకమ్మా, ఇది ఇలా మాట్లాడటం ఇదే మొదలు. చెప్పవే, ఆంటీకి సారీ చెప్పు!" గెలిచిన పిల్ల తలొంచుకుని "సారీ ఆంటీ" అంది.

"వదినగారూ, ఇది ఇంకొక్కసారి సారీ అంటే నేను ఆడను" అని అరిచాను. నేను అరిచింది ఆవిడ మీద, పిల్ల నవ్వాపుకుంటోంది. ఆవిడ మాత్రం న్యూజెర్సీ చేరేదాకా నాతో మాట్లాడలేదు.

అయితే బయల్దేరే ముందే, పార్కింగ్‌లో ట్రాక్‌సూట్ వేసుకున్న ఒకాయన వచ్చి మమ్మల్ని ఆపాడు. అమెరికా జట్టుకి మనుషుల్ని ఎంపిక చేసేవాళ్ళలో ఒకడు. ఇద్దరి ఆటా తనకి నచ్చిందన్నాడు. క్యాంపు వేసవి సెలవుల్లో, కాలిఫోర్నియాలో అన్నాడు, బయటి దేశాల్లో టోర్నమెంట్లన్నాడు. నేను అప్పుడే మనసులో సూట్‌కేసు సర్దుకుంటున్నాను. అప్పుడు అడిగాడు, ఇద్దరూ సిటిజన్లేనా అని. కాదని తెలిశాక మర్యాదగానే మొహం పిల్ల వైపు తిప్పి మిగతాదంతా దానితో మాట్లాడాడు. గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేశామని చెప్పాను. ఆ క్యూ ఎంత పొడుగో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కార్డు చేతికి వచ్చేసరికి నా మోకాళ్ళు రిటైరై కూర్చున్నాయి.

అలా, ఓడితే పోతుందనుకున్న పిల్ల గెలిచి పోయింది. ఓడినా పోయేదే, గెలిచినా పోయేదే అని ముందే తెలిస్తే ఆ ఎండలో ఫిలడెల్ఫియా దాకా డ్రైవ్ చేసేదాన్నే కాదు అని మా ఆయనతో అన్నాను. అబద్ధం. ఆయనకీ తెలుసు.

వారం తిరక్కుండా తల్లీ కూతుళ్ళు మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. డబ్లిన్‌లో ఉండే ఒక చైనా అమ్మాయితో జోడీ కడతామని క్యాంపువాళ్ళు ఫోన్ చేశారట. కాలిఫోర్నియాలోని డబ్లిన్. ఆ అమ్మాయి ముందర, నెట్ దగ్గర ఆడుతుంది. అంటే నా చోటు. ఇద్దరితో ఆడటం కుదరదు, జోడీ అంటే ఒక్కటే. పిల్ల సోఫా అంచున కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నేను వెళ్ళను, ఆంటీ. మీరే నా పార్ట్‌నర్. ఐ టోల్డ్ దెమ్ నో."

"ఇంత చేసినదానివి, నిన్ను వదిలేసి ఎలా వెళ్తుందమ్మా? మర్యాదేనా?" అన్నారు వాళ్ళమ్మ.

నిజం చెబుతున్నాను, ఉంచేసుకుందామనిపించింది. నోటిదాకా వచ్చింది. సరేలే, మనం ఇక్కడే ఆడుకుందాం, ఫిలడెల్ఫియాలూ బోస్టన్లూ మనకి చాలు అంటే చాలు, అది ఉండిపోయేది. సంతోషంగానే ఉండిపోయేది. పదేళ్ళు వెతికినా నాకు మళ్ళీ అలాంటి మనిషి దొరకదు. అది నా వంక చూస్తోంది. గుత్తివంకాయ ముందు కూర్చున్న మొహం అదే, నేను ముందు వడ్డించుకోవాలని కాచుకున్న మొహం.

ఎక్కడలేని కోపం వచ్చింది నాకు. "మళ్ళీ అదే మొహం! రెండేళ్ళు గొంతు చించుకుని నేర్పింది ఇందుకా? ఇది నీదే. నా వంక చూడకు. తీసుకో, ఫో!" అన్నాను. పిల్ల ఏడ్చింది. వాళ్ళమ్మ నొచ్చుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టి, పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ వేసవిలో క్యాంపు మొదలయ్యే ముందు చైనా అమ్మాయి రెండు వారాలు న్యూజెర్సీ వచ్చింది. మాటలు తక్కువ, చేతులు చురుకు. మా పిల్లకి ముందర నిలబడటం దానికి ఎవరు నేర్పాలి? నేనే. డాక్టరుగారు స్వయంగా ఫోన్ చేసి, "నీకన్నా బెస్ట్ ఎవరున్నారమ్మా ఇక్కడ?" అన్నారు. ఇది కెరీర్ కాదన్న నోటితోనే. వాళ్ళమ్మ సున్నుండలు పంపారు. నా చోటు ఇంకొకరికి అప్పగించినందుకు సున్నుండలు. తిన్నాను, ఏం చేస్తాను.

రెండు వారాలూ ఆ అమ్మాయి వెంట పడ్డాను. తలొంచు, వెనక్కి చూడకు, వెనక మనిషి ఉంది, నమ్ము. ఆఖరి రోజు వాళ్ళిద్దర్నీ ఒక పక్క నిలబెట్టి, రెండో పక్క నేనొక్కదాన్నే నిలబడి ఆడాను. ఇద్దరి మీద ఒకరు ఆడే ప్రాక్టీసు అది, కోచ్‌లందరూ చేయించేదే. కావాలని ఇద్దరి మధ్యకీ కొట్టాను. "మైన్!" అని అరిచి మా పిల్ల తీసుకుంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ "మైన్!" చైనా అమ్మాయి చెయ్యి తీసేసింది. రెండేళ్ళు పట్టిన పని, వాళ్ళిద్దరికీ రెండు వారాల్లో అయిపోయింది. చూడ ముచ్చటగా ఉంది. తర్వాతది అవసరానికి మించి గట్టిగా కొట్టాను.

ఆ తర్వాత మా పిల్ల ఒకటి నా తల మీదుగా ఎత్తి కొట్టింది. ఎత్తుగా, నిదానంగా వచ్చింది, ఎవరైనా తీసుకోగలిగినదే. నేను నెట్ దగ్గర ఉన్నాను. రాకెట్ ముందుకి పట్టుకుని, మోకాళ్ళు వంచి, తలొంచి అడ్డు తప్పుకున్నాను. స్మాష్ కోసం ఆగాను. రాలేదు. నా వెనక ఖాళీ కోర్టులో షటిల్ టప్పుమని పడింది.

చైనా అమ్మాయికి అర్థం కాలేదు, నేనెందుకు దాన్ని వదిలేశానా అని చూస్తోంది. మా పిల్లకి అర్థమైంది. నెట్‌కి అవతల నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"సారీ ఆంటీ" అంది.

ఎన్నిసార్లు చెప్పాను దీనికి, ఆ మాట అనొద్దని!